రెండోసారి అడగని ఇల్లు

మా ఊళ్ళో ఈరక్క మీద అందరికీ ఉన్న ఫిర్యాదు ఒకటే. ఇంటికి ఎవరు వచ్చినా "తిన్నావా?" అని అడగదు.

కోసిగి చుట్టుపక్కల పల్లెల్లో ఆ మాట అడగకపోవడమంటే మొహం మీద తలుపు వేసినట్టే. పొలానికి పోతూ ఎదురైనా అదే మాట, చావింటికి పోయినా అదే మాట. తిండి లేని సంవత్సరాల్లో అది ఇంకా ఎక్కువగా వినపడేది. పెట్టడానికి గింజలు కావాలి గాని అడగడానికి నోరుంటే చాలు కదా. ఈరక్క మాత్రం అడగదు. ఇంట్లో ఉంటే తెచ్చి ముందు పెడుతుంది, లేకపోతే ఊరికే పక్కన కూర్చుంటుంది. మర్యాద తెలియని మనిషి అని వెనక అనుకునేవాళ్ళు. అన్నవాళ్ళలో ఆమె చేతి జొన్నరొట్టె తినిపోయినవాళ్ళే ఎక్కువ.

మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒకే గోడ. ఆమె ఎందుకు అడగదో నాకు తెలుసు. ఊళ్ళో పెద్దవాళ్ళకూ తెలుసు, కాని వాళ్ళు మరచిపోయినట్టు నటిస్తారు. నాకు ఆ నటన చేతకాదు.

కర్నూలు రాజధాని అయిన ఏడు, ఆలూరు వైపు నుంచి మహానంది అనే కూలీ మనిషి తన కూతుర్ని వెంటబెట్టుకొని ఈరక్క దగ్గరికి వచ్చాడు. పెళ్ళీడు పిల్ల. పిలిస్తే పలకదు, ఎవరి మొహమూ చూడదు, తనలో తాను వేళ్ళు ఆడించుకుంటూ ఉంటుంది. పని మాత్రం చూపిస్తే చూపించినట్టు చేస్తుంది. ఇట్లాంటివాళ్ళకు ఇప్పుడు పట్నాల్లో డాక్టర్లు ఏదో పేరు చెబుతున్నారు, వాళ్ళకు పనులు నేర్పే బడులు కూడా ఉన్నాయంటున్నారు. అప్పుడు మా పల్లెల్లో ఉన్న పేరు ఒకటే, తిక్క. ఉన్న బడి ఒకటే, ఈరక్క పంచ. తన తమ్ముడికి నేర్పి పనిలో పెట్టిందని ఆ ప్రాంతమంతా తెలుసు. ఆ తర్వాత ఏమైందో మాత్రం అంత దూరం పోయినట్టు లేదు.

"యాదో ఒక ఇంట్లో పనికి కుదురుకునేట్టు నాలుగు మాటలు నేర్పించక్కా. నేను పోతే దీన్ని ఎవురు సూచ్చారు?" అన్నాడు మహానంది.

ఈరక్క ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "ఇంటామె నిన్ను తిన్నావా పాపా అని అడుగుతాది. అప్పుడు నువ్వు, లేదు, ఆకలయితాంది, పెట్టు అని చెప్పాల. యాదీ, చెప్పు" అంది.

మహానంది లేచి నిలబడ్డాడు. "ఏమక్కా, అది పనికి పోతాందా, బిచ్చానికి పోతాందా? వాకిట్లో నిలబడి ఆకలంటే ఏ ఇంట్లో పెట్టుకుంటారు?"

"పెట్టుకోకపోతే పోనీప్పా."

"పెట్టుకోవాలనే కదా నీకాడికి తెచ్చింది!"

మహానంది కూతురి చెయ్యి పట్టుకొని, అక్కక్కూడా తిక్క పట్టినట్టుంది అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. అట్లా వచ్చి కోపంగా వెళ్ళిపోయినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఒక్కరికైనా ఆమె ఆ పాఠం మార్చి చెప్పలేదు.

మొదటిసారి, తమ్ముడికి నేర్పినప్పుడు, అందరూ చెప్పినట్టే మర్యాదగా చెప్పింది.

తమ్ముడి పేరు సుంకన్న. తల్లి పోతూ వాణ్ణి ఈమె ఒళ్ళో పెట్టిపోయింది. ఈరక్కకు పెళ్ళయితే అయింది గాని, అత్తగారింట్లో తమ్ముణ్ణి గడప లోపలికి రానిచ్చేది లేదన్నారని మూట కట్టుకొని వెనక్కి వచ్చేసింది. మొగుడు ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. ఆ సంగతి ఆమె నోట ఒక్కసారైనా నేను వినలేదు.

సుంకన్న మనిషి ఎత్తరి, గట్టివాడు. పిడకలు ఆరబెడితే ఎంత వరుసగా పెట్టేవాడంటే, దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. కోడి వచ్చి ఒక్క పిడక కదిలించిందా, తల గోడకేసి కొట్టుకునేవాడు. మనం అన్న మాటలో చివరి ముక్క పట్టుకొని మళ్ళీ మనకే చెప్పేవాడు. తప్పెట మోగితే రెండు చేతులూ చెవులమీద పెట్టుకొని గడ్డివామి వెనక దూరేవాడు. ఎద్దుల దగ్గర మాత్రం వాడి తీరే వేరు. ఎద్దు మెడకు నుదురు ఆనించి నిలబడేవాడు, ఎద్దు కూడా కదలకుండా నిలబడేది. పొడిచే ఎద్దని పేరుపడినవి కూడా వాడి చేతికి వచ్చేసరికి తల వంచేవి.

అప్పటికి మా ఊరు బళ్ళారి జిల్లా కింద ఉండేది. వానలు లేక చేలు బీళ్ళు పడితే మా వాళ్ళు తుంగభద్ర కాలువ పనికి పోయేవాళ్ళు. మేస్త్రీ లక్ష్మన్న గుంపు కట్టి తీసుకుపోయేవాడు. ఒక ఏడు ఈరక్క తమ్ముణ్ణి కూడా తీసుకుపోయింది. మన్ను మోయడంలో వాడికి వంక పెట్టేది లేదు. కాని అక్కడ బండలు పగలగొట్టడానికి మందుపెట్టి పేల్చేవాళ్ళు. మొదటి పేలుడుకే సుంకన్న తట్ట పడేసి పరుగెత్తాడు. గుంపంతా పని మానుకొని వెతికితే గుట్టల్లో దొరికాడు, కాళ్ళు చీరుకుపోయి, గొంతు బొంగురుపోయి.

"నీ తమ్ముణ్ణి తెచ్చేదుంటే నువ్వూ రావద్దక్కా" అన్నాడు లక్ష్మన్న. తిట్టలేదు. మెల్లగానే అన్నాడు. "వానికోసం రోజంతా పోయింది. కాంట్రాక్టరు నా మీద పడతాండాడు."

మా వైపు జీతగాళ్ళను ఉగాదికి కుదుర్చుకుంటారు. ఉగాది నుంచి ఉగాది దాకా ఆ ఇంట్లోనే తిండి, ఆ పశువుల దగ్గరే పడక, ఏడాదికి ఒక కంబళి, ఒక జత చెప్పులు, కళ్ళంలో గింజలు. ఉగాది దాటితే మళ్ళీ ఏడాది దాకా ఎవరూ ఎవరినీ పెట్టుకోరు. ఉగాది కాగానే లక్ష్మన్న గుంపు కాలువకు కదులుతుంది. ఆ లోపల సుంకన్నకు అన్నం పెట్టే ఇల్లు ఒకటి దొరకాలి. దొరకలేదా, ఈరక్క పోతే వాడొక్కడు చస్తాడు, పోకపోతే ఇద్దరూ చస్తారు. ఆమె ఈ మాటలతోనే మా అమ్మ హంపమ్మకు చెప్పింది. చెప్పి, "వానికి పని వచ్చు హంపక్కా. పని అడిగేది రాదు. అది నేర్పిస్తే చాలు" అంది.

మాఘమాసం నుంచి మొదలుపెట్టింది. ఈరక్క చచ్చిపోయిన తండ్రి రుమాలు తలకు చుట్టుకొని తిరగేసిన గంప మీద కూర్చునేది. ఆమె ఆసామి. మా అమ్మ గడపలో నిలబడేది. మా అమ్మ ఆసామి భార్య. సుంకన్న వీధిలోంచి నడిచి రావాలి, చెప్పులు వాకిలి బయట విడవాలి, భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకోవాలి, దండం సామీ అనాలి. రోడ్డు మీద పోయేవాళ్ళు నిలబడి ఈలలు వేసేవాళ్ళు. ఈరక్క రుమాలు తియ్యకుండానే వాళ్ళమీద రాళ్ళు విసిరేది. మళ్ళీ గంప మీద కూర్చొని మీసం దువ్వుకున్నట్టు చెయ్యి ఆడించేది.

అన్నిటికంటే కష్టమైంది చూపు. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడడం సుంకన్న వల్ల అయ్యేది కాదు. తల పక్కకు తిప్పి గోడతో మాట్లాడేవాడు.

"గోడ జీతమిస్తాదా నీకు? నా వైపు సూడు."

"వైపు సూడు" అనేవాడు గోడ వైపు చూస్తూ.

చివరికి ఈరక్కకే ఉపాయం తట్టింది. "మొగం సూడలేకుంటే మీసాలు సూడు. మీసాలు కరవవు కదా" అంది. సుంకన్నకు అది నచ్చింది. మీసాలు చూడడం నేర్చుకున్నాడు. మరి ఇంటామెకు మీసాలు ఉండవే అని మా అమ్మ నవ్వింది. ఈరక్క నవ్వలేదు. "ముక్కుపుల్ల సూడు" అంది. అదీ నేర్చుకున్నాడు.

ఏం పని వచ్చు అంటే, "ఎద్దులు, గుంటక, మడక, నీళ్ళు" అనాలి. దొంగతనం చేస్తావా అంటే, "లేదు సామీ" అనాలి. ఇవి రెండు దినాల్లో వచ్చేశాయి. ఇక మిగిలింది తిండి మాట.

ఈ మాటకు మా వైపు ఒక పద్ధతి ఉంది. తిన్నావా అని అడిగితే తిన్నానే అనాలి, కడుపు కాలిపోతున్నా సరే. పెట్టదలచుకున్నవాళ్ళు ఇంకోసారి అడుగుతారు. అప్పుడు ఒప్పుకొని కూర్చోవచ్చు. మొదటిసారే లేదన్నవాడు బిచ్చగాడు. వాడి గిన్నెలో ఇంత అంబలి పోసి, పని సంగతి ఎత్తకుండా పంపేస్తారు. ఇది మాకు ఎవరూ నేర్పలేదు, చూసి చూసి మాకే వచ్చింది. సుంకన్నకు చూస్తే రాదు, చెబితే వస్తుంది. ఆకలైనప్పుడు ఆకలి లేదని ఎందుకు అనాలో వాడికి ఎంతకీ ఎక్కలేదు.

"ఆకలయితాంది" అన్నాడు, మా అమ్మ గడపలోంచి అడగ్గానే.

"అట్ల అనగూడదు. తిన్నా తల్లీ అను."

"తినలే."

"తినకపోయినా తిన్నా అనాలప్పా. ఆమె మళ్ళీ ఒకసారి అడుగుతాది. అప్పుడు, మీ చేత్తో పెడితే తింటా తల్లీ అను. అర్థమయిందా? మొదటిసారి తిన్నా. రెండోసారి, మీ చేత్తో పెడితే తింటా."

వాడు చెవులు మూసుకున్నాడు. ఈరక్క వాడి చేతులు తీసి మళ్ళీ చెప్పింది. మర్నాడు చెప్పింది, ఆ మర్నాడు చెప్పింది. ఇంట్లో అన్నం పెట్టేముందు కూడా అదే ఆట. మొదటిసారి తిన్నా అంటేనే రెండోసారి అడిగేది, రెండోసారి సరిగా చెబితేనే పెట్టేది. ఒక పూట వాడు రెండో మాట తప్పు చెబితే సంగటి తీసుకుపోయి ఉట్టిలో పెట్టేసింది, తాను కూడా తినలేదు. మా అమ్మ గోడ ఇవతలినుంచి తిట్టింది. ఈరక్క అవతలినుంచి, "నేను ఏడిపిస్తే ఏడిచినాడు గాని, రేపు ఊరోళ్ళు ఏడిపించరు కదా" అంది. ఉగాది దగ్గరపడేసరికి మీటినట్టు చెప్పేవాడు. మొదటిసారి తిన్నా తల్లీ. రెండోసారి మీ చేత్తో పెడితే తింటా తల్లీ.

ఊళ్ళో పెద్ద సేద్యం దేవేంద్రప్పది. ఆయన తల్లిని ఊరంతా పెద్దక్క అనేది. ఉగాది పొద్దున ఈరక్క తమ్ముణ్ణి వాకిలి దాకా తీసుకుపోయి వీధిలోనే నిలబడిపోయింది. నేనూ మా అమ్మా ఆమె పక్కనే ఉన్నాం. సుంకన్న చెప్పులు విడిచాడు, తువ్వాలు తీశాడు, దేవేంద్రప్ప మీసాల వైపు కళ్ళార్పకుండా చూశాడు.

"ఏందిరా నా మీసాల్లో యామన్నా ఉండాదా?" అని దేవేంద్రప్ప తడుముకున్నాడు.

పెద్దక్క నవ్వి ముందుకొచ్చింది. "ఏమప్పా, తిన్నావా?"

"తిన్నా తల్లీ."

ఈరక్క నా భుజం మీద చెయ్యి వేసింది. వేళ్ళు గుచ్చుకుంటున్నాయి.

"పండగ పూట, ఇంత బొబ్బట్టు తినుపో. తింటావా?"

"మీ చేత్తో పెడితే తింటా తల్లీ" అన్నాడు సుంకన్న ముక్కుపుల్ల చూస్తూ.

ముసలామెకు కళ్ళు చెమర్చాయి. ఇంత మర్యాద తెలిసినోణ్ణి తిక్కోడంటారేమిరా అని కొడుకును కేకలేసింది. సుంకన్న జీతానికి కుదిరాడు. ఈరక్క వీధిలో కూలబడి కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. ఆమె ఏడవగా నేను చూసింది అదొక్కసారే, అదీ సంతోషానికి. ఆమె అంత సంతోషపడకుండా ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మొదటి ఏడు బాగానే గడిచింది. పెద్దక్క అడగడం గిడగడం పెట్టుకోలేదు. పొద్దు నెత్తికెక్కేసరికి సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి తెచ్చి సుంకన్న సత్తు గిన్నెలో వేసేది. ఈరక్క కాలువ పనినుంచి అప్పుడప్పుడూ వచ్చి, ఎద్దుల కొష్టం దగ్గర తమ్ముణ్ణి చూసి, వాడి ఒళ్ళు తడిమి తృప్తిగా వెళ్ళేది. రెండో ఉగాదికి దేవేంద్రప్ప వాణ్ణి ఎవరూ అడక్కుండానే ఉంచుకున్నాడు. అట్లాంటి ఎద్దుల మనిషి ఆయనకు మళ్ళీ దొరకడు. ఆ విషయం ఆయనకు బాగా తెలుసు.

ఆ ఎండాకాలంలో పెద్దక్క చనిపోయింది. వానాకాలం వచ్చింది గాని వాన రాలేదు. వంటింటి తాళాలు దేవేంద్రప్ప భార్య నాగలక్ష్మమ్మ చేతికి వచ్చాయి. ఆమె చెడ్డమనిషి అని ఊళ్ళో ఎవరూ అనరు. పేరంటాలకు పిలుస్తుంది, గుడికి నూనె పోస్తుంది. గాదెలో గింజలు తగ్గుతున్నాయని భయపడింది, అంతే. భయపడినవాళ్ళు ముందు ఎవరి గిన్నె తగ్గిస్తారో కరువులు చూసినవాళ్ళకు తెలుసు.

మధ్యాహ్నం పూట నాగలక్ష్మమ్మ వంటింటి గడపలోంచే అడిగేది. "సుంకా, తిన్నావా?"

"తిన్నా తల్లీ."

"సరే" అని లోపలికి పోయేది.

వాడు అక్కడే నిలబడి ఉండేవాడు. రెండోసారి అడుగుతారని వాడికి అక్క చెప్పింది. అడిగేదాకా నిలబడాలి. ఎండ పక్క గోడ ఎక్కేదాకా ఆ సత్తు గిన్నె పట్టుకొని నిలబడేవాడని, తర్వాత ఎద్దుల దగ్గరికి పోయేవాడని ఆ ఇంట్లో గిన్నెలు తోమే మనిషి మా అమ్మకు చెప్పింది. చాలా తర్వాత, అంతా అయిపోయాక చెప్పింది. మిగిలింది ఏమన్నా ఉంటే పొద్దుగూకాక ఇంత అంబలి వాడి గిన్నెలో పడేది. ఆ ఏడు మిగిలిన రోజులు తక్కువ.

సుంకన్న తినకుండా ఎన్నాళ్ళో బతికే మనిషి కాడు, పనిచేసే ఒళ్ళు. దేవేంద్రప్ప కరువులో పశువులు పోకూడదని ఆదోని నుంచి బుడ్డల చెక్క తెప్పించాడు. వేరుశనగల్లోంచి నూనె తీసేశాక మిగిలే గట్టి పిండి అది. నానబెట్టి ఎద్దుల గాడిలో వేస్తారు. ఎద్దులు తింటుంటే సుంకన్న కూడా వాటి పక్కన మోకాళ్ళ మీద కూర్చొని, అదే గాడిలోంచి తిన్నాడు. దాచుకోలేదు, ఇంటికి తీసుకుపోలేదు. ఎద్దులు వాణ్ణి రెండోసారి అడగలేదు గాని, మూతి పక్కకు జరుపుకొని చోటిచ్చాయి.

అది దేవేంద్రప్ప కళ్ళబడింది. ఎద్దు నోటి కూడు దొంగిలించాడని చావిడిలో పంచాయితీ పెట్టించాడు. లక్ష్మన్న గుంపులో ఎవరో చెబితే ఈరక్క కాలువ దగ్గరినుంచి నడిచి వచ్చింది. తమ్ముణ్ణి చూసి గుర్తుపట్టడానికి ఆమెకు కాస్త సేపు పట్టింది. పక్కటెముకలు లెక్కబెట్టేట్టున్నాయి, దవడలు లోపలికి పోయాయి. ఆమె వాడి ఒళ్ళు తడమలేదు ఈసారి.

"ఎద్దుల గాడిలో చెక్క తిన్నావా లేదా?" అని దేవేంద్రప్ప అందరి ముందూ అడిగాడు.

"తిన్నా సామీ" అన్నాడు సుంకన్న మీసాల వైపు చూస్తూ.

"విన్నారు కదప్పా."

ఈరక్క లేచింది. "అంత ఆకలెందుకయింది వానికి? మీ ఇంట్లో తిండి పెట్టలేదా?"

"నోరు జాగర్తే ఈరీ! దినామూ అడుగుతాండాది నా పెండ్లాము. తిన్నానంటాండాడు. కావాలంటే వాణ్ణే అడుగు."

ఈరక్క తమ్ముడి వైపు తిరిగింది. "సుంకా, వీళ్ళ ఇంట్లో బువ్వ తిన్నావా?"

"తిన్నా తల్లీ."

చావిడిలో నవ్వులు లేచాయి. ఈరక్క ఇటూ అటూ చూసింది. తన తల మీది కొంగు లాగి రుమాలులాగా చుట్టుకుంది. పైట జారుతుందని కూడా చూసుకోలేదు. చావిడి అరుగు మీద, పెద్దమనుషుల సరసన, తిరగేసిన గంప మీద కూర్చున్నట్టు కూర్చుంది. ఆమెకు మతి పోయిందనుకున్నారు. సుంకన్న ఒక్కడికే అర్థమైంది. వాడు వెనక్కి నడిచి, లేని చెప్పులు విడిచి, తువ్వాలు చేతిలో పట్టుకొని నిలబడ్డాడు.

"ఏమప్పా, తిన్నావా?" అంది ఈరక్క.

"తిన్నా తల్లీ."

"ఇంకోసారి అడుగుతాండా. తింటావా?"

సుంకన్న మొహం విప్పారింది. ఎన్ని నెలలనుంచి గొంతులో పెట్టుకొని ఉన్నాడో ఆ మాట. "మీ చేత్తో పెడితే తింటా తల్లీ" అని గట్టిగా, సంతోషంగా అన్నాడు. సత్తు గిన్నె ముందుకు చాపాడు.

నవ్వులు ఆగిపోయాయి. పద్ధతి తెలియనివాళ్ళు అక్కడ ఎవరూ లేరు. మగవాళ్ళు మీసాలు నేలకు దించుకున్నారు.

ఈరక్క చావిడి మూల ఆడవాళ్ళలో నిలబడి ఉన్న నాగలక్ష్మమ్మ వైపు చూసింది. "అమ్మా, ఒక్కసారన్నా రెండోసారి అడిగినావా?"

"తిన్నానన్నోణ్ణి మళ్ళీ మళ్ళీ బతిమాలేదానికి వాడేమన్నా నా ఇంటి అల్లుడా?" అంది నాగలక్ష్మమ్మ.

ఆ మాట తర్వాతైనా ఎవడో ఒకడు నోరు తెరుస్తాడని నేను చూశాను. పెద్దమనుషులు తలలు దగ్గరపెట్టుకున్నారు. వాళ్ళ చేలు దేవేంద్రప్ప చేల పక్కనే, వాళ్ళ పిల్లలకు గింజలు కావలసింది దేవేంద్రప్ప గాదెలోంచే. పెట్టారా లేదా అన్నది ఇంటి సంగతి, చెక్క తిన్నది మాత్రం వాడే ఒప్పుకున్నాడు అని తేల్చారు. జీతం నుంచి తీసేశారు. ఆ ఏటి కంబళి ఇవ్వలేదు, కళ్ళం గింజల మాట ఎత్తలేదు. పాపం తిక్కోడు గనక కొట్టకుండా వదిలామని ఒకాయన గొప్పగా చెప్పుకున్నాడు. నాకు ఆ పెద్దమనుషుల మీద ఉన్న కోపం వాళ్ళు చచ్చినా చావలేదు.

ఈరక్క ఇక కాలువకు పోలేదు. కరువు ముదిరి ప్రభుత్వం గంజి కేంద్రాలు తెరిచింది. అక్కా తమ్ముడూ పక్క ఊరి కేంద్రానికి నడిచి పోయేవాళ్ళు. మగవాళ్ళ వరుస వేరు, ఆడవాళ్ళ వరుస వేరు. మొదటి దినం ఈరక్క తన గంజి పోయించుకొని వచ్చేసరికి సుంకన్న ఖాళీ గిన్నెతో చెట్టు కింద కూర్చుని ఉన్నాడు. ఒకసారి తిన్నవాళ్ళు మళ్ళీ వరుసలోకి రాకుండా గంజి పోసే మనిషి అందరినీ ఒకే మాట అడుగుతున్నాడు, తిన్నావా అని. అందరూ లేదన్నారు. సుంకన్న తిన్నానన్నాడు. పక్కకు తోసేశారు.

ఈరక్క ఆ మనిషి దగ్గరికి పోయి చెప్పి చూసింది. ఆయన అలసిపోయి ఉన్నాడు. "వాడే తిన్నానంటాండాడు కదమ్మా" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు.

ఆమె తన గంజి తమ్ముడి గిన్నెలో పోసింది. ఇంటికి వచ్చాక, కొత్త పాఠం మొదలుపెట్టింది. "తిన్నావా అంటే లేదను సుంకా. తినలే అను." వాడు భయపడిపోయాడు. తిన్నా అనకపోతే సంగటి ఉట్టిలోకి పోతుందని వాడికి తెలుసు. అక్కే నేర్పింది. "తిన్నా" అంటాడు, అక్క తల కొట్టుకుంటుంది, వాడు చెవులు మూసుకుంటాడు. గోడ ఇవతల మా అమ్మ పని మానుకొని కూర్చునేది. కొన్ని రోజులకు ఈరక్క నేర్పడం మానేసింది. అడగడమే మానేసింది. ఏదుంటే అది గిన్నెలో వేసి ముందు పెట్టి, మొహం తిప్పుకునేది. అడగని అన్నం వాడు చక్కగా తినేవాడు.

కాని ఆ ఒళ్ళు మళ్ళీ తేరుకోలేదు. చలికాలం మొదట్లో జ్వరం వచ్చింది, రెండు మూడు రోజులు పడుకున్నాడు, పోయాడు. కరువులో పోయినవాళ్ళలో కలిసిపోయాడు. ఆకలికి పోయాడని ఎవరూ అనలేదు, జ్వరానికి పోయాడన్నారు.

మూడో దినం నాగలక్ష్మమ్మ పరామర్శకు వచ్చింది. రాక తప్పదు, వాళ్ళ ఇంట్లో జీతం చేసినవాడు కదా. పట్టు అంచు చీర కట్టుకొని, వెంట ఇంకో ఇద్దరిని తెచ్చుకొని, ఈరక్క వాకిట్లో నిలబడింది. కాసేపు ఏడ్చినట్టు ముక్కు చీదింది. నిజంగానే ఏడ్చిందేమో, నేను కాదనను. తర్వాత చావింట్లో అందరూ అడిగే మాటే అడిగింది.

"తిన్నావా ఈరక్కా?"

ఈరక్క గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. ఆమె పొయ్యి రాజేసి రెండు రోజులైంది. తల ఎత్తి నాగలక్ష్మమ్మ కళ్ళలోకే చూసింది.

"లేదు. ఆకలయితాంది. పెట్టు" అంది.

అట్లాంటి జవాబు ఆ మాటకు మా ఊళ్ళో ఎవరూ అంతకు ముందు వినలేదు. నాగలక్ష్మమ్మ మొహం ఎర్రబడింది. వెంట వచ్చినవాళ్ళ వైపు చూసింది. "ఇంటికి పోయి పంపిస్తా" అని తిరిగి వెళ్ళిపోయింది.

ఈరక్క లేచి లోపలికి పోయి సుంకన్న సత్తు గిన్నె తెచ్చింది. కడిగి, గడపలో కూర్చొని, ఒళ్ళో పెట్టుకుంది. మా అమ్మ రొట్టె చేసి తెస్తే పక్కన పెట్టుకుంది గాని ముట్టలేదు. ఎండ పక్క గోడ ఎక్కింది. వీధి దీపాలు లేని ఊరు, కొంచెం సేపటికి ఎవరు వచ్చేదీ కనపడదు. మా అమ్మ లోపలికి రమ్మని చెయ్యి పట్టుకుంది.

"పంపిస్తానంది కదా హంపక్కా" అంది ఈరక్క.

దేవేంద్రప్ప ఇంట్లోంచి ఎవరూ రాలేదు. మరునాడు కూడా ఆమె అదే గడపలో, అదే గిన్నె ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది.